మా ఆయనకి చెప్పని టికెట్

శనివారం రాత్రి పదిన్నర. బాబు పడుకున్నాడు. డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్, పక్కన రెండు గ్రీన్ కార్డులు, పాత పాస్‌పోర్టులు, ఐదేళ్ల టాక్స్ కాగితాలు. మా ఆయన తన సిటిజన్‌షిప్ అప్లికేషన్ అంతకు ముందు వారమే పంపేశారు. ఇప్పుడు నాది నింపుతున్నారు. మా ఇంట్లో ఏ ఫారమైనా ఆయనే నింపుతారు, నేను సంతకం పెడతాను. పెళ్లైన దగ్గర్నుంచీ అదే పద్ధతి.

ఒక్కో ప్రశ్నా పైకి చదువుతున్నారు.

"ఎప్పుడైనా కమ్యూనిస్టు పార్టీలో ఉన్నావా?"

"నేను లేను. మా తాతయ్య ఎర్రజెండా మనిషి. పర్లేదా?"

"నిన్నే అడిగారు, మీ తాతయ్యని కాదు. ఎవర్నైనా హింసించావా?"

"మిమ్మల్ని తప్ప ఎవర్నీ లేదు."

నవ్వుకుంటూనే వెళ్తున్నాం. అలా వెళ్లి వెళ్లి ఒక ప్రశ్న దగ్గరకొచ్చాం. కాగితం ఫారంలో అయితే తొమ్మిదో భాగంలో పదిహేనో ప్రశ్న. ఏ కారణంతోనైనా సరే, ఎప్పుడైనా సరే, పోలీసులు నిన్ను అరెస్టు చేశారా, సైటేషన్ ఇచ్చారా, ఆపి ఉంచారా అని. సైటేషన్ అంటే మనం మామూలుగా 'టికెట్' అంటామే, అదే. 'ఎప్పుడైనా' అన్న మాట ఒక్కటే పెద్ద అక్షరాల్లో ఉంటుంది అక్కడ.

మా ఆయన నా వైపు చూడకుండానే 'నో' కొట్టబోయారు.

"ఆగండి" అన్నాను.

"ఏం?"

"టికెట్ వచ్చింది కదా."

"2014లోదా? క్లాసు చేసి డిస్మిస్ చేయించాం కదా. డిస్మిస్ అయ్యాక ఇంక అది లేనట్టే. నావి రెండున్నాయి, రెండూ డిస్మిస్సే. నేనూ 'నో' అనే పెట్టాను."

నా మనసులో ఉన్నది 2014 టికెట్ కాదు. కానీ ఆ రాత్రి ఆ మాట బయటికి రాలేదు. "నిద్రొస్తోంది, రేపు చూద్దాం" అని లాప్‌టాప్ మూసేశాను.

ముందు ఆ మొదటి టికెట్ సంగతి చెప్పాలి. అది తెలియకపోతే రెండోది ఎందుకు దాచానో మీకు అర్థం కాదు.

నేను తెనాలి అమ్మాయిని. 2011లో డాలస్ వచ్చాను. స్కూటీ తప్ప ఏదీ నడిపి ఎరగను. ఇక్కడ కారు లేకపోతే పాల ప్యాకెట్ కూడా రాదు. భయపడుతూ నేర్చుకున్నాను, రెండోసారికి లైసెన్సు వచ్చింది. 2014లో ఒకరోజు మధ్యాహ్నం ఇండియన్ స్టోర్ నుంచి వస్తుంటే వెనకాల ఎర్రలైట్లు, నీలం లైట్లు. 35 ఉండాల్సిన చోట 47లో వెళ్తున్నానట. కారు పక్కకి ఆపాను. ఆపి ఏం చేశానో తెలుసా? మన ఊళ్లో లాగా డోరు తీసుకుని దిగిపోయాను, ఆయనకి చెప్పి బతిమాలుకుందామని!

"కార్లోకి వెళ్లండి!" అని మైకులో ఒక్క అరుపు. రోడ్డంతా వినబడింది. ఇక్కడ పోలీసు ఆపితే దిగకూడదు. స్టీరింగు మీద రెండు చేతులూ కనపడేలా పెట్టుకుని కూర్చోవాలి. ఇది డ్రైవింగ్ నేర్పినాయన చెప్పలేదు, మా ఆయనా చెప్పలేదు. వణుకుతున్న చేతులతో లైసెన్సు ఇచ్చాను. ఆయన టికెట్ రాసి సంతకం పెట్టమంటే పెట్టను అన్నాను. పెడితే తప్పు ఒప్పుకున్నట్టు అవుతుందేమోనని. "ఒప్పుకోవడం కాదమ్మా, ఇన్నో తారీఖులోపు కోర్టుకి జవాబు చెప్తానని మాట ఇవ్వడం, అంతే" అని ఓపిగ్గా చెప్పాడాయన. సంతకం పెట్టాను.

టెక్సస్‌లో ఇలాంటి చిన్న టికెట్లకి ఒక వెసులుబాటు ఉంది. కోర్టు అనుమతి తీసుకుని ఆరు గంటల డిఫెన్సివ్ డ్రైవింగ్ కోర్సు చేసి సర్టిఫికెట్ ఇస్తే టికెట్ కొట్టేస్తారు. ఆన్‌లైన్‌లో చేశాను. అయిపోయింది.

అయిపోలేదు. ఆ నెలలోనే ఒక ఫ్రెండ్ ఇంట్లో పాట్‌లక్‌. ఎనిమిది కుటుంబాలు. మా ఆయన ప్లేటులో బిర్యానీ పెట్టుకుంటూ నేను కారు దిగిన కథ మొత్తం చెప్పేశారు. పోలీసు అరుపుతో సహా, నా నడకతో సహా, యాక్షన్ చేసి మరీ. "మా ఆవిడ రోడ్డెక్కితే ఇన్సూరెన్సు కంపెనీకి చెమటలు" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంకో రెండేళ్లపాటు ఏ ఫంక్షన్‌కి వెళ్లినా ఎవరో ఒకరు "ఏంటి, ఇవాళ ఎవరు డ్రైవింగు?" అని అడిగేవాళ్లు. అందుకే, ఇంకోసారి టికెట్ వస్తే ఈయనకి చెప్పకూడదని ఆ రోజుల్లోనే అనుకున్నాను. సరదాగా అనుకున్నదే. నిజంగానే అలా జరుగుతుందనుకోలేదు.

2018 డిసెంబరు మొదటి వారం. నాన్న గుంటూరులో ఐసీయూలో ఉన్నారు. ఆయన స్కూలు మాస్టారు, రిటైరై పదేళ్లు. నేను ఒక్కదాన్నే కూతుర్ని. టికెట్లు చూసుకుంటున్నాం (ఇవి విమానం టికెట్లు). పొద్దున్న ఏడూ నలభైకి బాబుని స్కూల్లో దింపి వెనక్కి వస్తుంటే అమ్మ ఫోను. మనకి పొద్దున్న అయితే అక్కడ రాత్రి మొదలవుతుంటుంది. ఆ టైములో అమ్మ ఎప్పుడూ చేయదు. ఫోను ఎత్తాను. "వెంటిలేటరు పెడతామంటున్నారమ్మడూ, సంతకం పెట్టమంటున్నారు, పెట్టనా?" అంటోంది.

స్కూలు ముందు పసుపు లైటు మినుకుమినుకుమంటోంది. అది వెలుగుతున్నంతసేపూ 20 దాటకూడదు. నేను 33లో ఉన్నాను. ఇంతలో వెనకాల లైట్లు.

ఈసారి దిగలేదు. ఫోను ఒళ్లో పడేసి, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి కూర్చున్నాను. కుర్ర పోలీసు. "ఎంత స్పీడులో ఉన్నారో తెలుసా?" అన్నాడు. తెలియదన్నాను. ఒళ్లో ఫోనులోంచి అమ్మ గొంతు సన్నగా వస్తూనే ఉంది, "అమ్మడూ, ఉన్నావా? అమ్మడూ?" అని. అతను అది విన్నాడో లేదో తెలీదు. స్పీడు ఒక్కటే రాశాడు. స్కూల్ జోన్‌లో ఫోను చేత్తో పట్టుకుంటే ఇక్కడ అదొక నేరం. అది రాయలేదు. సంతకం పెట్టాను. ఆ కాగితం డాష్‌బోర్డు అరలో పడేశాను.

నాలుగో రోజుకి నాన్న పోయారు. ఆ రాత్రే బయల్దేరాను. బాబుకి స్కూలు, ఈయనకి ఆఫీసు, నేనొక్కదాన్నే వెళ్లాను. పెద్దకర్మ అయ్యింది, నెలమాసికం కూడా చూసుకుని జనవరిలో తిరిగొచ్చాను. అప్పటికి మాకు గ్రీన్ కార్డు రాలేదు. 2012లో అప్లై చేసి, తేదీలు వెనక్కి పోయి, ఎనిమిదేళ్లు వేలాడాం. అడ్వాన్స్ పెరోల్ కాగితం మీద తిరుగుతున్నాను. అలా వచ్చేవాళ్లని ఎయిర్‌పోర్టులో వేరే గదిలో కూర్చోబెట్టి కాగితాలు చూస్తారు. ఆ గదిలో కుర్చీలో కూర్చున్నప్పుడు గుర్తొచ్చింది, టికెట్! కోర్టుకి జవాబు చెప్తానని సంతకం పెట్టిన తారీఖు దాటి రెండు వారాలైపోయింది. నా పేరు పిలిచేదాకా ఆ నలభై నిమిషాలూ నేను నాన్న గురించి కూడా ఆలోచించలేదు. ఆ సంగతి ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంటుంది.

అక్కడ ఏమీ అడగలేదు, ముద్ర వేసి పంపేశారు. వారం తర్వాత ఇంటికి కవరు. కోర్టుకి రానందుకు ఇంకో కేసు, పైగా నా పేరు మీద వారంట్. 'వారంట్' అన్న మాట నా పేరు పక్కన చూసి కాళ్లలో బలం పోయింది. మర్నాడు లంచ్ టైములో మునిసిపల్ కోర్టుకి వెళ్లాను. ఆఫీసులో పంటి డాక్టరు అని చెప్పాను. కిటికీ వెనకాల ఆవిడ కంప్యూటర్లో చూసి, ఫైనులు, కోర్టు ఖర్చులు అన్నీ కలిపి 468 డాలర్లు అంది. నా సొంత అకౌంటు కార్డుతో కట్టాను. వారంట్ ఎత్తేశారు. రసీదు ఇచ్చారు. మొత్తం పదిహేను నిమిషాలు.

ఆ రసీదు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. పారేయడానికి భయం, ఫైల్లో పెడితే ఈయన చూస్తారు. ఆఖరికి ఇండియా నుంచి తెచ్చుకున్న మిక్సీ వారంటీ కాగితాల కవర్లో పెట్టాను. వారంట్ పోయి వారంటీలో దాక్కుంది. దాన్ని ఎవరూ తెరవరు, మిక్సీ చెడిపోతే తప్ప.

ఆరేళ్లు ఆ మిక్సీ చెడిపోలేదు.

సిటిజన్‌షిప్ మాకు ఎందుకంత అవసరమైందంటే, అమ్మ. 2024లో బాత్రూమ్‌లో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ సంగతి మాకు మూడు వారాల తర్వాత తెలిసింది, అదీ వీడియో కాల్‌లో చీర కొంగు జారి కట్టు కనబడితే. "నీకు చెప్తే ఏం చేస్తావు, అక్కణ్ణుంచి ఊదుతావా?" అంది. నిజమే. విజిటర్ వీసా మీద రెండుసార్లు వచ్చింది, ఆర్నెల్లు ఉండి వెళ్లిపోయింది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు తల్లిదండ్రులకి అప్లై చేయలేరు. 21 ఏళ్లు నిండిన సిటిజన్ అయితేనే చేయగలరు. మాకు 2020 వేసవిలో గ్రీన్ కార్డు వచ్చింది. ఐదేళ్లు నిండడానికి 90 రోజుల ముందు నుంచే అప్లై చేసుకోవచ్చు కాబట్టి 2025 మే నెల కోసం నేను క్యాలెండరు మీద రోజులు లెక్కపెట్టుకుంటూ ఉన్నాను.

అందుకని ఆ 'నో' బటన్ మీద కర్సరు ఉన్నప్పుడు నాకు రెండు భయాలు ఒక్కసారే వచ్చాయి. 'యస్' అంటే అమ్మ రావడం ఆగిపోతుందేమో. 'నో' అంటే ఇంకెప్పుడో, అమ్మ వచ్చాక, ఎవరైనా ఆ వారంట్ కాగితం బయటికి తీస్తారేమో.

ఆదివారం మధ్యాహ్నం మిక్సీ కవరు తీసుకొచ్చి ఆయన ముందు పెట్టాను.

ఆయన చదివారు. తారీఖు చూశారు. "నాన్నగారు పోయిన నెలా?" అన్నారు.

"ఆ."

"వారంటా?"

"ఆ. ఎత్తేశారు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను అరుస్తారనుకున్నాను. అరవలేదు. లేచి వెళ్లి గరాజ్‌లో బాబు సైకిల్ గొలుసు బిగించుకుంటూ కూర్చున్నారు. గంటన్నర. ఆ గొలుసు బాగానే ఉంది. సాయంత్రం వచ్చి ఒక్కటే అడిగారు, "నాకెందుకు చెప్పలేదు?"

పాట్‌లక్ సంగతి చెప్పాను. నిజంగా, ఆయనకి అది గుర్తే లేదు. ఏ ఇంట్లో, ఎవరెవరున్నారు అని అడిగారు. బిర్యానీ ప్లేటుతో సహా చెప్పాను. నా నడక అనుకరించిన సంగతి కూడా చెప్పాను. "అలా చేశానా?" అన్నారు. ఆ తర్వాత రెండు రోజులు ఇంట్లో అవసరమైన మాటలే. పాలు అయిపోయాయి, బాబుకి ఫీజు కట్టాలి, ఇలాంటివి. కోపం టికెట్ మీద కాదు, 468 డాలర్ల మీదా కాదు. ఆ నెల నేను తండ్రిని పోగొట్టుకుని వచ్చి, ఒక్కదాన్నీ కోర్టుకి వెళ్లి వచ్చి, ఆ సాయంత్రం ఆయనకి టీ పెట్టిచ్చాను. అది ఆయనకి మింగుడుపడలేదు.

మూడో రోజు ఆయనే ఇంకో మాట తెచ్చారు. "నీది సరే, నువ్వు యస్ పెడతావు. నేను నో పెట్టి పంపేశాను కదా. నా సంగతేంటి?"

ఫ్రెండ్స్‌ని అడిగితే ఆరుగురు ఆరు రకాలుగా చెప్పారు. డిస్మిస్ అయినవి అక్కర్లేదని ఒకరు, పార్కింగ్ టికెట్లతో సహా రాయమని ఒకరు, రాస్తే అనవసరంగా ఫైలు ఆగుతుందని ఒకరు. హైదరాబాదులో ఉండే మా ఆయన తమ్ముడు అయితే, "అక్కడ డిస్కౌంట్ ఇవ్వరా అన్నయ్యా? ఇక్కడ 2023 చివర్లో బండి చలాన్లకి 80 శాతం తీసేశారు, ఆగితే మంచిది" అన్నాడు. వాడికి ఏం చెప్పాలో మాకు తెలియలేదు.

చివరికి ఒక లాయరుగారితో అరగంట మాట్లాడాం. ఆవిడ తెలుగావిడే, విజయవాడ. ఆవిడ చెప్పింది మీలో ఎవరికైనా పనికొస్తుందని కొంచెం వివరంగా రాస్తున్నాను. (నేను లాయర్ని కాదు. మీ కేసు మీ లాయరుకి చూపించుకోండి.)

ఆ ప్రశ్న అడిగేది 'శిక్ష పడిందా' అని కాదు. 'సైటేషన్ ఇచ్చారా' అని. పోలీసు ఆపి కాగితం చేతికిచ్చాడంటే ఇచ్చినట్టే. తర్వాత అది డిస్మిస్ అయినా, ఇచ్చిన మాట మారదు. కాబట్టి గుర్తున్నవన్నీ రాయాలి. అయితే ఫారం సూచనల్లోనే ఇంకో మాట కూడా ఉంది. అరెస్టు లేకుండా, మందు, డ్రగ్స్ సంబంధం లేకుండా, 500 డాలర్ల లోపు ఫైనో లైసెన్సు మీద పాయింట్లో మాత్రమే పడిన ట్రాఫిక్ టికెట్లకి కాగితాలు జతచేయక్కర్లేదు. చాలామంది ఈ రెండోది చదివి మొదటిదాన్ని మర్చిపోతారట. కాగితం పెట్టక్కర్లేదు అంటే చెప్పక్కర్లేదు అని కాదు.

"మీ స్పీడ్ టికెట్ వల్ల ఎవరూ మీ సిటిజన్‌షిప్ ఆపరు. కానీ ఇంటర్వ్యూలో ప్రమాణం చేయించి అడిగినప్పుడు, సిటిజన్‌షిప్ కోసమే అబద్ధం చెప్పారని తేలితే, ఆ అబద్ధం ఎంత చిన్న విషయం మీదైనా సరే, మంచి నడవడిక లేదని తిప్పికొట్టొచ్చు" అందావిడ. 1988లో సుప్రీం కోర్టే ఒక కేసులో ఇలా చెప్పిందట. కోర్టుకి వెళ్లకపోవడం వేరే కేసు కాబట్టి, నన్ను మాత్రం కోర్టు నుంచి ముద్ర వేసిన కాగితం తెచ్చుకోమంది. ఈయన్ని ఆన్‌లైన్ అకౌంటులో ఒక వివరణ ఉత్తరం అప్‌లోడ్ చేసి, ఇంటర్వ్యూలో వాళ్లు అడిగేలోపే దిద్దుకోమంది.

"ఇంకో ప్రశ్న ఉంది కదండీ" అన్నాను నేను. "అరెస్టు అవ్వని నేరం ఏదైనా ఎప్పుడైనా చేశావా అని. నేను ఆరోజు స్కూల్ జోన్‌లో ఫోను పట్టుకున్నాను. అది ఎవరూ రాయలేదు. అది కూడా రాయాలా?"

మా ఆయన తల పట్టుకున్నారు. లాయరుగారు మాత్రం నవ్వలేదు. ఈ ప్రశ్నే అమెరికా సుప్రీం కోర్టు ప్రధాన న్యాయమూర్తికి కూడా వచ్చిందని చెప్పింది. తర్వాత నేను వెతుక్కుని చదివాను. 2017లో మస్లెన్యాక్ అనే ఆవిడ కేసు. బోస్నియా నుంచి శరణార్థిగా వచ్చిన సెర్బు మహిళ. భర్త గురించి అబద్ధం చెప్పిందని ఆవిడ పౌరసత్వం తీసేశారు. ఆ వాదనల్లో జాన్ రాబర్ట్స్ తన సంగతే చెప్పాడు, ఎప్పుడో 55 ఉండాల్సిన చోట తను 60లో వెళ్లానని, ఎవరూ పట్టుకోలేదని. అది ఫారంలో రాయకపోతే ఇరవై ఏళ్ల తర్వాత మీరొచ్చి నా పౌరసత్వం లేదంటారా అని ప్రభుత్వ లాయర్ని అడిగాడు. ఆ లాయరు కాదని చెప్పలేకపోయాడు. చివరికి కోర్టు ఏమందంటే, అబద్ధం చెప్పారని ఎవరి పౌరసత్వాన్నైనా నేరంగా చూపి తీసేయాలంటే, ఆ అబద్ధానికి పౌరసత్వం రావడంలో ఏదో ఒక పాత్ర ఉండాలి, ఊరికే అబద్ధం ఉంటే చాలదు అని.

ఇది చదివాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది. 55లో 60 వెళ్లిన మనిషే అక్కడ ఆ పెద్ద కుర్చీలో కూర్చున్నాడు కదా! అయినా ఫోను సంగతి టికెట్ వివరణలోనే ఒక వాక్యంగా రాసేశాను. లాయరుగారు అవసరం లేదంది, రాస్తే తప్పూ లేదంది. మా ఆయన "నువ్వు రోడ్డు మీద చీమని తొక్కింది కూడా రాయి" అన్నారు. మాటలు మళ్లీ మొదలయ్యాయని అప్పుడు తెలిసింది నాకు.

710 డాలర్లు కట్టి, యస్ పెట్టి, పంపించాను. ఈసారి ఫారం నేనే నింపుకున్నాను.

అంతా సర్దుకుంది అనుకుంటుంటే ఆగస్టు 15న (మన స్వాతంత్ర్య దినం రోజే!) ఇమిగ్రేషన్ వాళ్లు కొత్త మెమో ఇచ్చారు. 'మంచి నడవడిక' అంటే తప్పులు లేకపోవడం ఒక్కటే చాలదు, మనిషి మొత్తం జీవితం చూడమని ఆఫీసర్లకి చెప్పారు. అందులో ఉదాహరణగా నిర్లక్ష్యంగా, లేదా అలవాటుగా ట్రాఫిక్ రూల్స్ తప్పడం అని రాశారు. ఆ రాత్రి మా వాట్సాప్ గ్రూపుల్లో పండగే. ఎవరికి ఎన్ని టికెట్లున్నాయో అందరికీ తెలిసిపోయింది. పాట్‌లక్‌లో నన్ను చూసి నవ్విన వాళ్లలో ఒకాయనకి ఏడున్నాయి! నాకు కొంచెం సంతోషం వేసింది, ఎందుకు దాచాలి.

కానీ నిద్ర మాత్రం పట్టలేదు. పదకొండేళ్లలో రెండు టికెట్లు, ఒక వారంట్. అది అలవాటా? ఎవరు లెక్కపెడతారు?

సెప్టెంబరులో ఇర్వింగ్ ఆఫీసులో ఈయన ఇంటర్వ్యూ ముందు అయ్యింది. నేను బయట కార్లో కూర్చున్నాను. ప్రమాణం చేయించగానే, "నా ఫారంలో ఒక జవాబు తప్పుంది, దిద్దుకోవాలి" అని ఈయనే మొదలుపెట్టారట. ఏ ఊళ్లో, ఎప్పుడు, ఏమయ్యాయి అని అడిగి, ఆఫీసరు దిద్దుకుని, కింద సంతకం తీసుకున్నాడట. "రెండు నిమిషాలు పట్టింది. నాలుగు నెలల నుంచి నాకు కడుపులో మంట, అక్కడ రెండు నిమిషాలు" అని కారెక్కి సీటు వెనక్కి వాల్చుకుని కళ్లు మూసుకున్నారు.

నాది పది రోజుల తర్వాత. ఆఫీసరు పెద్దావిడ. ముందు సివిక్స్ ప్రశ్నలు. అప్పట్లో పదిలో ఆరు చెప్తే చాలు, మొదటి ఆరూ చెప్పేశాను, ఆపేసింది. చదవమన్నది చదివాను, రాయమన్నది రాశాను. తర్వాత ఫారం మొదలుపెట్టింది. ఆ ప్రశ్న దగ్గరకి వచ్చేసరికి నా చేతులు వాటంతట అవే బల్ల మీదకొచ్చేశాయి, స్టీరింగు మీద పెట్టినట్టు.

"కోర్టుకి ఎందుకు వెళ్లలేదు?"

"మా నాన్న చనిపోయారు. ఇండియాలో ఉన్నాను. మర్చిపోయాను."

ముద్ర ఉన్న కాగితం ఇచ్చాను. చూసింది. తారీఖులు వేలితో ఒకసారి రాసి చూసింది.

"మొత్తం కట్టేశారా?"

"కట్టేశాను."

"ఇవి కాక ఇంకేమైనా ఉన్నాయా?"

"లేవు."

"సరే" అని తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయింది. ఎప్పుడైనా అక్రమంగా జూదం ఆడావా లాంటివి. ఫోను సంగతి ఊసే ఎత్తలేదు. అంత రాసినందుకు ఒక్కసారైనా అడిగితే బావుండేదని కూడా అనిపించింది.

ప్రమాణానికి పిలుస్తూ ఇంకో కాగితం వస్తుంది. ఇంటర్వ్యూ అయిన రోజు నుంచీ ఇప్పటిదాకా ఏమేం జరిగాయో అందులో మళ్లీ అడుగుతారు. ట్రాఫిక్ టికెట్లు కూడా అని అక్కడ విడిగా రాసే ఉంటుంది, ఈసారి ఎవరికీ సందేహం రాకుండా. అందుకని ఆ మూడు వారాలూ నేను డాలస్ రోడ్ల మీద ఎడ్లబండి నడిపినట్టు నడిపాను. వెనకాల హారన్లు కొడుతున్నా సరే. ప్రమాణం రోజు పొద్దున్న ఈయన నడుపుతుంటే పక్క సీట్లో కూర్చుని ఆ కాగితం మీద 'లేదు' అని గీతలు పెడుతున్నాను. "నలభైలో వెళ్తున్నారు, ఇక్కడ ముప్పై ఐదు" అన్నాను. "ఇంకా రెండు మైళ్లే ఉంది" అన్నారు. "ఆ రెండు మైళ్లే" అన్నాను. తగ్గించారు.

పెద్ద హాలు. ఎన్నో దేశాల వాళ్లు. గ్రీన్ కార్డు తీసేసుకున్నారు, చెయ్యెత్తించారు. ఆ మాటలు పలుకుతున్నప్పుడు ఇంక నా ఇండియా పాస్‌పోర్టు నాది కాదని తెలుసు. దాన్ని అప్పగించి ఓసీఐ తీసుకోవాలి. మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. దాని గురించి ఇంకోసారి రాస్తాను, ఇంకా నాకే సరిగ్గా తెలియట్లేదు ఎలా ఉందో.

ఇంటికొచ్చి కోర్టు కాగితాన్ని సర్టిఫికెట్లతో పాటు పెద్ద ఫైల్లో పెట్టారు మా ఆయన. మిక్సీ కవరు ఖాళీ అయ్యింది.

ఆ రాత్రే అమ్మకి ఫోన్ చేశాను. ఇంక నీకు అప్లై చేస్తాను, పాస్‌పోర్టు ఫొటో పంపు అన్నాను. అది 2023లోనే ఎక్స్‌పైర్ అయ్యిందట, చెప్పలేదు. మర్నాడు పక్కింటి కుర్రాణ్ణి తీసుకుని రెన్యువల్ ఫారం నింపడానికి నెట్ సెంటర్‌కి వెళ్లి, అక్కణ్ణుంచి ఫోన్ చేసింది.

"అమ్మడూ, ఇందులో నామీద కేసులేమైనా ఉన్నాయా అని అడుగుతున్నారే."

"లేవుగా అమ్మా. లేవని పెట్టు."

"అది కాదే. నాన్న స్కూటరు ఈ పిల్లాడే నడుపుతున్నాడు కదా. హెల్మెట్ లేదని మొన్న ఫొటో తీశారట. బండి ఇంకా నాన్న పేరు మీదే ఉంది." అమ్మ గొంతు తగ్గించింది. "అది కూడా రాయమంటావా?"